కిఱ్ఱు శబ్దమును గూర్చి సైకిలు కర్మాగారాధిపతులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

లూధియానా మొదలుకొని చెన్నపట్టణపు శివారులలోని అంబత్తూరు వఱకు పలుతావుల వెలసిన మీ కర్మాగారములనుండి విడిభాగములుగా అట్టపెట్టెలలో బయలుదేరి, లారీలమీద తెలుగుసీమ పట్టణములకు వచ్చి, దుకాణము ముంగిట ఒక పనివాని చేతిలో హడావుడిగా రూపుదాల్చి, ఆ సాయంకాలమే కొన్నవాని యింటిముందు నిలుచు సైకిలుతో మీరొక హామీపత్రమును పంపుచున్నారు. ఏ భాగమునకు ఎంతకాలము పూచీ కలదో, ఏ భాగమునకు బొత్తిగా లేదో, ఏయే తప్పులు చేసినచో ఉన్న పూచీయు ఊడిపోవునో అందు సూక్ష్మాక్షరములలో వివరింపబడియుండును. కాని సైకిలు కొన్న మనుష్యుడు మొట్టమొదట దుకాణమునకు తిరిగి వచ్చునది రంగు పోయినందుకును గాదు, రిమ్ము విఱిగినందుకును గాదు. ఎచ్చటినుండియో తెలియని యొక చప్పుడు పుట్టినందుకు. ఆ చప్పుడును గూర్చి మీ పత్రములో ఒక్క మాటయు లేదు. ఆ లోపమును పూరింపుడని, సైకిలు వెంట శబ్దపరీక్షకై ఒక్క పుటను ఆయా ప్రాంతముల భాషలో అచ్చొత్తించి పంపుడని మిమ్ము వేడుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను. ఆ పుటలో ఏమి యుండవలెనో కూడ నాకు తోచినంతవఱకు చెప్పెదను. అందుచే లేఖ దీర్ఘమైనచో, సైకిలెక్కు జనుల పక్షమున మీరు కొంచెము ఓర్పు వహింతురుగాక.

చప్పుడనగా ట్యూబు పగిలిన చప్పుడును గూర్చి నేను మాటాడుట లేదు. అది తన కారణమును తానే చాటుకొనును. నేను చెప్పునది కారణమును దాచుకొను చప్పుడు. సైకిలు కొన్న రెండు మూడు మాసములకు, రైలుకట్టమీది వంతెన యెక్కునప్పుడు, కాలు బలముగా నొక్కిన ప్రతిసారియు 'కిఱ్ఱు'మని ధ్వని వినవచ్చును. దిగి, స్టాండు వేసి, పెడలును చేతితో త్రిప్పిచూచినచో ఏమియు లేదు. దుకాణమునకు తీసికొనిపోగా మేస్త్రీయు అట్లే త్రిప్పిచూచి, ఏమియు వినబడకపోవుటచే చైనునకును హబ్బులకును ఇంత నూనె పోసి, తన కూలి పుచ్చుకొని పంపివేయును. మఱునాడు అదే వంతెనపై అదే ధ్వని. ఇందులో మేస్త్రీ మోసమును లేదు, సైకిలు మాయయు లేదు. స్టాండుమీద తిరుగు చక్రము ఏ బరువును మోయుట లేదు. సీటుపై మనిషి లేడు. హ్యాండిలును లాగు చేయి లేదు. చైనునకు బిగువు లేదు. బరువు పడినప్పుడు మాత్రమే ఒండొంటితో ఒఱయు భాగములు బరువు లేనప్పుడు మౌనముగా నుండుట సహజము. కనుక ఆ పుటలో మొదటి పంక్తి యిది కావలెను: స్టాండుపై వినబడని శబ్దమును స్టాండుపై వెదకరాదు, బాటపైననే వెదకవలెను.

రెండవ పంక్తి మఱింత ముఖ్యమైనది. సైకిలు చట్రము బోలు ఉక్కుగొట్టములతో నిర్మింపబడినది. ఒకచోట పుట్టిన ధ్వని ఆ గొట్టముల వెంబడి చట్రమంతయు వ్యాపించి, పుట్టినచోట గాక మఱొకచోట స్ఫుటముగా వినబడును. సీటు క్రింద పుట్టిన కిఱ్ఱును పెడలు ఇరుసు దోషముగా భ్రమించి, బాల్సు, కప్పులు, కోనులు సర్వము విప్పించి, కిరసనాయిలుతో కడిగించి, క్రొత్త గ్రీజు పెట్టించి, మరల బిగింపించి, మొదటి త్రొక్కుడునకే అదే కిఱ్ఱును విన్నవారు మన దేశమున ప్రతి వీథిలోను కలరు. మనుష్యుని చెవి యీ విషయమున స్థలమును చెప్పజాలదు. కాలమును మాత్రము బహునిష్కర్షగా చెప్పగలదు. శబ్దము ఎచ్చటినుండి వచ్చుచున్నదని యడుగువాడు చాలకాలము తిరుగును; ఎప్పుడు వచ్చుచున్నదని యడుగువాడు త్వరగా ఇల్లు చేరును. నేనీ లేఖలో చెప్పదలచినదంతయు ఈ యొక్క భేదముపై ఆధారపడియున్నది.

పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమను చిన్న గ్రంథమును రచించి, బాలురకు తర్కప్రవేశము కలిగించెను. ఇది యున్నచో అది యుండుట అన్వయమనియు, అది లేనిచో ఇది లేకుండుట వ్యతిరేకమనియు, ఈ రెండును కుదిరినప్పుడే హేతువు నమ్మదగినదనియు ఆ శాస్త్రము బోధించును. సైకిలు శబ్దమునకు ఇంతకన్న మంచి పనిముట్టు ఏ పానాలపెట్టెలోను దొరకదు. చదునైన బాటపై వేగముగా పోవుచు కాలు ఆపుడు. చక్రములు తిరుగుచునే యున్నవి, పెడలు మాత్రము నిలిచినది. శబ్దమును నిలిచిపోయినచో చక్రములు, హబ్బులు, బ్రేకులు, మడ్‌గార్డులు నిర్దోషులని యెంచవచ్చును. అనుమానము పెడళ్ళు, క్రాంకులు, వాని ఇరుసు, చైను, పళ్ళచక్రము అను వానిపై నిలుచును. శబ్దము సాగుచునే యున్నచో అనుమానము తాఱుమాఱగును. ఇంత చిన్న పరీక్షకు పానా అక్కఱలేదు, పైసా అక్కఱలేదు. కాని దీనిని సైకిలుతోపాటు నేర్పువారు లేకపోవుటచే, సగము చట్రమును వృథాగా విప్పించుకొనువారు అసంఖ్యాకులు.

ఇంక రెండవ పరీక్ష లెక్కకు సంబంధించినది. మన పాతకాలపు నల్లసైకిలునకు ముందటి పళ్ళచక్రమున 44 పళ్ళును, వెనుక ఫ్రీవీలున 18 పళ్ళును, చైనున 110 లంకెలును ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరుగగా చక్రము రెండున్నర చుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. చైను ఒక పూర్తి ప్రదక్షిణము చేయుటకు పెడలు సరిగా రెండున్నర చుట్లు తిరుగవలెను. అనగా ఒకే సైకిలుపై మూడు విభిన్న తాళములు ఏకకాలమున నడచుచున్నవి. 28 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు రెండుంబావు మీటర్లు పోవును గాన, బాటపై రెండుంబావు మీటర్లకొకసారి వినబడు శబ్దము చక్రమునకు చెందినది. అయిదున్నర మీటర్లకొకసారి వినబడునది పెడలునకు చెందినది. పదుమూడున్నర మీటర్లకొకసారి మాత్రమే, ఎదురుచూచి విసిగిన పిమ్మట 'టక్కు'మనునది చైనులోని ఏదో యొక్క లంకెకు చెందినది. పళ్ళ సంఖ్య మాఱినచో ఈ యంకెలును మాఱును. న్యాయము మాత్రము మాఱదు. ఏ నమూనా సైకిలునకు ఎన్ని పళ్ళో మీకు తెలియును గనుక, ఆ మూడు దూరములను లెక్కించి పుటపై అచ్చువేయుట మీ ఇంజనీరునకు ఒక పూటపని.

మూడింటిలో చైను తాళమే జనులను మిక్కిలి మోసగించుచున్నది. ఏలయన అది పెడలుతోను కలియదు, చక్రముతోను కలియదు, అందుచే 'అప్పుడప్పుడు వచ్చును, వేళాపాళా లేదు' అని యజమాని మేస్త్రీకి చెప్పును. నిజమునకు దానికంటె వేళాపాళా గలది లేదు. పెడలును మెల్లగా వెనుకకు త్రిప్పుచు ఫ్రీవీలు దగ్గఱ కన్నువేసి చూచినచో, బిగుసుకొనిపోయిన లంకె పళ్ళను దాటునప్పుడు చిన్న గంతు వేయును. దానిని చేతితో పట్టి ఆ ప్రక్కకును ఈ ప్రక్కకును కొంచెముగా వంచి, కిరసనాయిలు పట్టించి, తుడిచి, ఒక బొట్టు నూనె వేసినచో చాలును. చైను మొత్తము అరిగినదా లేదా అని తెలిసికొనుటకు పాఠశాల బాలుని స్కేలే సరిపోవును: ఒక్కొక్క లంకె అరంగుళము గాన 24 లంకెలు సరిగా 12 అంగుళములుండవలెను, అవి యొక అంగుళములో ఎనిమిదవ వంతు అధికమైనచో ఆ చైనునకు కాలము చెల్లినది, పళ్ళను కూడ తినివేయకమునుపే మార్చుట మంచిది.

ఇచ్చట తార్కికులు ఉపాధి యనునట్టి చిక్కొకటి కలదు. పొగయున్నచో నిప్పుండును గాని, నిప్పున్నచో పొగ యుండితీరవలెనని లేదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పుండియు పొగ లేదు. పొగ పుట్టుటకు తడికట్టె తోడుపడవలెను. తడికట్టెను మఱచి నిప్పుమీద నేరము మోపువాడు చెడిన తార్కికుడు. సైకిలుపై ఈ తడికట్టె యెద్దియో చెప్పెదను. కాలు ఆపగానే శబ్దము నిలిచినది గాన దోషము పెడలువద్దనే యున్నదని మేస్త్రీ నిశ్చయించెను. నిశ్చయము సక్రమముగనే తోచును. కాని పెడలు త్రొక్కునప్పుడు మనుష్యుడు సీటుపై కుడియెడమలకు కొంచెము ఊగును. త్రొక్కుట మానినప్పుడు ఊగుటయు మానును. అందుచే సీటు స్ప్రింగులలోనో, సీటు క్లిప్పులోనో, చట్రములో దిగియుండు సీటుగొట్టములోనో పుట్టిన కిఱ్ఱు కూడ పెడలు తాళమునే అనుకరించును. పెడలు ఒక్కచుట్టునకు రెండుసార్లు, అనగా కుడికాలికొకటియు ఎడమకాలికొకటియు వినబడు శబ్దమును గూర్చి ఈ సందేహము తప్పక కలుగవలెను. సీటుమీదినుండి లేచి నిలుచుండి త్రొక్కుటయే దీనికి పరీక్ష. నిలుచున్నంతసేపు మౌనముగా నుండి, కూర్చుండగనే కిఱ్ఱుమన్నచో, నేరము సీటుదే. అయితే నిలుచుండి త్రొక్కువాడు హ్యాండిలును మునుపటికన్న గట్టిగా లాగును గాన, ఆ పరీక్షయే క్రొత్త శబ్దమును పుట్టింపవచ్చును. అప్పుడు ముందుచక్రమును మోకాళ్ళనడుమ బిగించి పట్టుకొని హ్యాండిలును ఇటునటు బలముగా త్రిప్పి చూచినచో, కిఱ్ఱు హ్యాండిలుదా కాదా తేలిపోవును. సీటుగొట్టమును పైకి లాగి, దాని త్రుప్పును గుడ్డతో తుడిచి, పలుచగా గ్రీజు పూసి మునుపటి యెత్తుననే బిగించుటతో మాయమైన 'పెడలు ఇరుసు జబ్బులు' ఎన్నియో కలవు. ఇది మేస్త్రీలెఱుగని రహస్యము గాదు. కాని సీటు విప్పి గ్రీజు పూసినందుకు ఎవడును మంచి కూలి యీయడు, ఇరుసు విప్పినందుకే యిచ్చును. ఈ సంగతిని నేను నిష్ఠురముగా చెప్పుట లేదు. వారి బ్రతుకు వారిది.

నల్లసైకిళ్ళ విషయమున మాత్రము అసలు ముద్దాయి కాటరుపిన్ను. క్రాంకును ఇరుసునకు కట్టివేయు ఈ వ్రేలెడు ఉక్కుచీల, ఒకప్రక్క ఏటవాలుగా ఆకురాయి పెట్టబడి, ఇరుసునకు చెక్కిన గాడిపై చదునుగా ఆనవలెను. ఉక్కు మెత్తనిదైనను, వాలు సరిగా కుదురకున్నను, క్రాంకు వెండ్రుకవాసి జరుగును. జరిగినప్పుడెల్ల కాలు మీదికి వచ్చి క్రిందికి దిగబోవు క్షణమున 'టక్కు'మనును. దీని పరీక్ష సులభము. రెండు క్రాంకులను నేలకు సమాంతరముగా నిలిపి, రెండు పెడళ్ళమీదను చేతులతో ఒక్కసారిగా బరువు వేయవలెను. పిమ్మట సగము చుట్టు త్రిప్పి, ముందుది వెనుకకు పోగా, మరల వేయవలెను. పిన్ను వదులైనచో రెండవసారి క్రాంకు చిన్నగా జారుట చేతికే తెలియును. బాగుచేయుటలో రెండు తప్పులు లోకమున ప్రసిద్ధములు. పిన్నును సుత్తితో కొట్టి కూర్చుండబెట్టక, నట్టును త్రిప్పి లోనికి లాగజూచుట మొదటి తప్పు. నట్టు పిన్నును నిలుపుటకు గాని లాగుటకు గాదు, అట్లు లాగినచో మరలు తెగిపోవును. క్రాంకు క్రింద ఇనుపగొట్టమో గట్టికొయ్యయో ఆనించక గాలిలోననే సుత్తి దెబ్బలు వేయుట రెండవ తప్పు. ఆ దెబ్బలన్నియు ఇరుసులోని బాల్సు మీదికి పోయి, కప్పులలో గుంటలు పెట్టును. నేటి టక్కు పోయి మఱికొన్నాళ్ళకు గరగర యను శబ్దము దాపురించును. కుడి ఎడమ పిన్నుల తలలు ఒండొంటికి ఎదురుదిక్కులలో ఉండవలెననియు, కానిచో క్రాంకులు రెండును ఒక్క గీతలో నిలువవనియు కూడ ఆ పుటలో ఒక చిన్నబొమ్మ వేసి చూపవలెను. కాటరుపిన్ను లేని క్రొత్త సైకిళ్ళలో, చతురస్రపు ఇరుసు కొనపై క్రాంకు బోల్టుతో బిగింపబడును. అది వదులైయుండగా కొన్ని మైళ్ళు త్రొక్కినచో క్రాంకు రంధ్రము శాశ్వతముగా చెడును గాన, అచ్చట టక్కును వినిన దినముననే బిగింపవలెను.

తక్కిన శబ్దములు అంత సేపు నిలువదగినవి కావు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనుకకు ఊపినప్పుడు హ్యాండిలు మెడవద్ద కదలిక తెలిసినచో మెడకప్పులు వదులు. చక్రమునకొకసారి 'చుస్సు'మనునది బ్రేకురబ్బరును తాకు వంపురిమ్ము. బెండు తీయించిన పోవును. పెడలునకొకసారి 'చఱ్ఱు'మనునది చైనుకవరును గీకు పళ్ళచక్రము. కవరును చేతితో కొంచెము వెలికి వంచిన చాలును. వెనుకచక్రమున సన్నని 'టిక్కు టిక్కు' వినబడినచో పుల్లలను రెండేసిగా చేతితో పిండి చూడవలెను. వదులైనది తానే బయటపడును. నల్లరేగడి నేలలలో వానకాలపు సైకిలు బురద మడ్‌గార్డులో గట్టిపడి టైరును ఒఱయుచుండును. దానికి మేస్త్రీ యెందుకు, పుల్ల చాలును. ఏ తాళమును లేక, గతుకులపై మాత్రమే మ్రోయునవి బెల్లు మూత, స్టాండు స్ప్రింగు, క్యారియరు బోల్టు, కడ్డీబ్రేకుల కీళ్ళు. ఇవన్నియు నిర్దోషములని తేలినప్పుడు సైకిలును వదలి, ఎక్కినవానిని సోదా చేయవలెను. నేనెఱిగిన యొక ఉపాధ్యాయుని సైకిలు మూడు దుకాణములు తిరిగిన పిమ్మట, ఆ గలగల ఆయన అన్నపుక్యారేజీలోని చెంచాదని ఆయన భార్య కనిపెట్టినది.

కిఱ్ఱు ఏల పుట్టునో కూడ ఒక్క మాటలో చెప్పుట మంచిది. కారణ మెఱిగినవాడు మందును దుర్వినియోగము చేయడు. బిగువుగా ఒత్తుకొనియున్న రెండు లోహతలములు బరువుచే జరుగజూచినప్పుడు, కొంతసేపు అంటుకొని నిలిచి, బలము మీఱగనే హఠాత్తుగా జారి, మరల అంటుకొనును. క్షణములో పలుమాఱులు జరుగు ఈ అంటుట, జాఱుట అను క్రీడయే ఫిడేలు తీగెపై కమానుచే నాదమును పుట్టించుచున్నది, సీటుగొట్టముచే కిఱ్ఱును పుట్టించుచున్నది. మందు రెండు తెఱగులు: జరుగగూడని కీలైనచో శుభ్రపఱచి బిగించుట, జరుగవలసిన కీలైనచో నూనె వేయుట. మన యిండ్లలో ఈ వివేచన లేక, వినబడిన ప్రతిచోటను కొబ్బరినూనె పోయు అలవాటు కలదు. అది కొన్నాళ్ళకు చిక్కబడి, బంకయై, బాటమీది దుమ్మునంతయు పిలిచి ఆతిథ్యమిచ్చును; దుమ్ముతో కలసిన నూనె చైనునకు ఆకురాయి. నూనె పోసిన వెంటనే శబ్దము మాయమగుటచే జనులు దానిని ఔషధముగా నమ్ముదురు. అంతకన్న హానికరము బ్రేకు కీచుమన్నదని రిమ్మునకు నూనె రాచుట. కీచు పోవును, బ్రేకును పోవును. రబ్బరు యొక్క ముందుకొన రిమ్మును ముందుగా తాకునట్లు కొంచెము వాలుగా అమర్చినచో ఆ కీచు చాలవఱకు అణగును.

మౌనమెల్ల ఆరోగ్యము గాదనియు, కిఱ్ఱెల్ల అల్పము గాదనియు మీరు గట్టిగా చెప్పవలసిన చోట్లు కూడ రెండు కలవు. కాలు ఆపి పోవునప్పుడు ఫ్రీవీలు 'టికటిక'లాడుట దాని ధర్మము. లోపలి ఉక్కునాలుకలు పళ్ళమీద లేచి పడుచున్నవని అది తెలుపుచున్నది. చిక్కని గ్రీజు కూరుటచే ఆ ధ్వని మాయమైనదని సంతోషించువాడు, నాలుకలు అంటుకొనిపోయి పట్టుతప్పిన దినమున, నిలుచుండి త్రొక్కుచుండగా పెడలు ఒక్కసారిగా ఉత్తగా తిరిగి ముందుకు పడును. అట్లే ఎన్ని పరీక్షలకును లొంగక, నెలనెలకు పెరుగుచు, హ్యాండిలు మెడ దగ్గఱనో పెడలు ఇరుసు దగ్గఱనో బరువునకు మాత్రమే పలుకు కిఱ్ఱు చట్రపుబీటకు లక్షణము కావచ్చును. అప్పుడు చట్రమును కడిగి, పగటివెలుగులో గొట్టముల అతుకులను చూడవలెను. రంగుపై వెండ్రుకంత త్రుప్పుగీత కనబడినచో ఆ సైకిలునెక్కరాదు. ఈ రెండు వాక్యములను మాత్రము ఎఱ్ఱసిరాతో అచ్చువేయుడు.

మీ వృత్తికి పూర్వులైనవారు ఈ విషయములను చిన్నచూపు చూడలేదు. ఇనుపకమ్ముల కొయ్యచక్రములతో నడచిన 1860 దశకపు వాహనమునకు ఆంగ్లేయులు 'ఎముకలు కుదుపునది' యని పేరు పెట్టిరి. 1869లో జూల్ సురిరే యను ఫ్రెంచివాడు సైకిలు ఇరుసునకు ఉక్కుగుండ్ల బేరింగును అమర్చి పేటెంటు పొందెను. 1880లో హాన్స్ రెనాల్డ్ మాంచెస్టరున నేటి రోలరుచైనును కనిపెట్టెను. 1888లో బెల్ఫాస్టున డన్లప్ తన గాలిటైరునకు పేటెంటు పొందెను. కుదుపును ఒఱపిడిని తగ్గించుటయే వీరందఱ పని. అట్టి పరంపరకు వారసులైన మీరు, పెట్టె మూసినంతనే మీ కర్తవ్యము ముగిసినదనుకొనుట తగునా? క్రొత్త సైకిలు చప్పుళ్ళలో పెక్కింటి పుట్టుక మీ యంత్రములవద్ద గాదు, దుకాణపు ముంగిట. గ్రీజులేక దింపిన సీటుగొట్టము, సగము బిగించిన క్రాంకు, మరలు సరిగా కుదురకమునుపే బలవంతముగా త్రిప్పిన ఎడమపెడలు. ఎడమపెడలు మర తక్కినవానికి విపరీతమని తెలియక దానిని వ్యతిరేకదిశలో త్రిప్పి క్రాంకు మరలను చెఱచుట నేటికిని జరుగుచున్నది. ఆ పెడలుపైననే బాణపుగుర్తు ముద్రింప మీకు ఎంత ఖర్చగును?

పుట అచ్చువేయుట మా పని గాదు, దుకాణముల పని యని మీరనవచ్చును. దుకాణములో తరతరముల వినికిడి గల మేస్త్రీలు ఉన్నంతకాలము ఆ మాటకు కొంత బలముండెడిది. చక్రమును త్రిప్పి, సీటుపై అఱచేయి ఆనించి, బేరింగు పొడిగా నున్నదో లేదో ఆ కంపనమునుబట్టియే చెప్పగల వృద్ధులను నేనెఱుగుదును. గంటకింతయని సైకిళ్ళు అద్దెకిచ్చిన ఆ దుకాణములు చాలవఱకు మూతపడినవి. మిగిలిన చోట్ల మోటారుసైకిళ్ళ పనియే పని. ఇట్టి సమయమున సైకిలు క్రొత్త చేతులకు పోవుచున్నది. బీహారులో 2006లో ఆరంభమైన బాలికల సైకిళ్ళ పథకము తరువాత పెక్కు రాష్ట్రప్రభుత్వములు బడిపిల్లలకు సైకిళ్ళు పంచినవి. ఆంధ్రప్రదేశమునను తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇయ్యబడినవి. నాలుగు మైళ్ళ దూరమునుండి బడికి వచ్చు బాలిక, ఊరిలో మేస్త్రీ లేక, కిఱ్ఱుమను సైకిలును తోటిపిల్లలు వెక్కిరింపగా సహింపలేక, దానిని గోడకు జేరవేసి నడక సాగించినచో ఆ నష్టము మీ లెక్కలలో కనబడదు. ఆమెకు కావలసినది మేస్త్రీ గాదు. కాలు ఆపి వినుమని చెప్పు ఒక పంక్తి, సీటునుండి లేచి చూడుమని చెప్పు మఱొక పంక్తి, ఒక చిన్న పానా.

ఇంకొక మనవి. పాశ్చాత్యదేశముల ఖరీదైన సైకిళ్ళలో పెడలు ఇరుసు కప్పులను మరలతో గాక ఒత్తిడితో దిగగొట్టు పద్ధతి ప్రబలి, కిఱ్ఱుల ఫిర్యాదులు పెచ్చుపెరిగి, నిర్మాతలలో పలువురు మరల మరలకే తిరిగిరి. ఆ పద్ధతిని మోజుతో ఇచ్చటికి తెచ్చుటకు ముందు, దానిని విప్పుటకు వలయు పనిముట్టు ఒక మండలకేంద్రపు దుకాణములో దొరకునా యని విచారింపుడు. విప్పజాలని భాగమున పుట్టిన శబ్దమును ఏ తర్కమును పోగొట్టజాలదు. కాటరుపిన్నులు, కోనులు, బాల్సు వంటి చిల్లరభాగములను మీ ముద్రతో, కొలతలు వ్రాసిన పొట్లములలో, ప్రతి దుకాణమునకును అందునట్లు చేయుడు; మెత్తటి ఉక్కుతో చేసిన పేరులేని పిన్ను ఆరు వారములకే అరిగి మీ పేరును చెఱచుచున్నది.

పుటను పలుచటి కాగితముపై గాక, నూనెచేతులతో పట్టుకొన్నను చిరుగని అట్టపై వేయింపుడు. హామీపత్రముతో కలిపి కుట్టక, హ్యాండిలునకు దారముతో కట్టి పంపుడు. అచ్చునకు ముందు దాని ప్రతిని ఏదేని చిన్నపట్టణమునకు తీసికొనిపోయి, బడులు తెఱచు జూన్ మాసమున ఒక సైకిలు దుకాణములో కూర్చుండి, పనిలో నున్న మేస్త్రీచే బిగ్గఱగా చదివింపుడు. ఆతడు నవ్విన వాక్యములను కొట్టివేసి, తక్కినవానిని అచ్చువేయుడు.

ఇట్లు,
భవదీయుడు,
సైకిలుపై తిరుగు ఒక పౌరుడు